మాట పడ్డవాళ్లనూ అడగండి

ప్రశ్న: మా నాయనమ్మ పోయి తొమ్మిది నెలలు దాటింది. మాది తెనాలి దగ్గర పల్లె. ఆవిడ 1938లో పుట్టింది. చదువు అయిదో తరగతితో ఆగింది. అయినా వారపత్రికలు, నవలలు, భారతం, రష్యన్ అనువాదాలు, ఏది చేతికందితే అది చదివేది. నోటికి మాత్రం అడ్డూ అదుపూ లేదు. తాతయ్యవాళ్ల నాన్న తద్దినం రోజున శాస్త్రులుగారు సెల్‌ఫోన్ వదలకపోతే, "శాస్తుర్లుగారూ, మా మావగారు కూడా లైన్లోనే ఉన్నారు, ఆయన సంగతీ కాస్త చూడండి" అంది. మా అక్క పెళ్లిచూపుల్లో అవతలివాళ్లు అమ్మాయికి వంట వచ్చా అని అడిగితే, "తినడం మీవాడికి వచ్చుగా, వండటం ఇద్దరూ కలిసి నేర్చుకుంటార్లెండి" అంది. మా అమ్మ చేసిన పులుసు నోట్లో పెట్టుకుని, "మీ మావగారు అదృష్టవంతుడు, ఇది తినకుండానే పోయాడు" అందట. ఇప్పటికీ నలుగురు చేరితే ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు, అందరూ పడీపడీ నవ్వుతారు. అమ్మ ఒక్కతే నవ్వదు.

సంవత్సరీకానికి ఆవిడ మీద చిన్న పుస్తకం వేద్దామని, రాసే పని నాకు అప్పజెప్పారు. "సహనశీలి, అన్నపూర్ణ, ఆదర్శ గృహిణి" అని రాసి, వెనక విష్ణు సహస్రనామం వేస్తే చాలంటాడు పెదనాన్న. "అమ్మ మాటలన్నీ అచ్చేస్తే సగం చుట్టాలు మన గడప తొక్కరు" అంటుంది మేనత్త. నేను కూర్చుని ముప్పై పేజీలు రాశాను. చదువుకుంటే జోకుల పుస్తకంలా ఉంది. నాయనమ్మ అందులో లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: శాస్త్రులుగారి దగ్గర నేనూ నవ్వాను. పులుసు దగ్గర నవ్వబోయి ఆగాను, అమ్మ నవ్వదని మీరు వెంటనే రాశారు కాబట్టి. మీ ముప్పై పేజీల్లో ఆ వాక్యం ఉందా? లేకపోతే నాయనమ్మ కనబడకపోవడానికి సగం కారణం అక్కడే ఉంది. నోరున్న మనిషి గురించి రాయమంటే అందరూ ఆ మనిషి అన్న మాటలు పోగేస్తారు. మాట ఎవరి మీద పడింది, పడ్డాక వాళ్లేం చేశారు అన్నది వదిలేస్తారు. ముందూ వెనకా తీసేశాక మిగిలేది వాట్సాప్‌లో తిరిగే జోకు. అది ఎవరి నాయనమ్మ అయినా అనుండవచ్చు.

పెదనాన్నగారి సంగతి ముందు చూసేద్దాం, అది తేలిక. ఆయన రాయమన్న మూడు మాటలూ దినపత్రికల్లో వర్ధంతి ప్రకటనల కింద రోజూ చూస్తూనే ఉంటాం. ఫొటో తీసేసి పక్కింటి పెద్దావిడ ఫొటో పెట్టినా చెల్లిపోతాయి. అలాగని ఆయన అబద్ధం చెప్పమంటున్నాడనుకోకండి. పెద్దకొడుకు, తలకొరివి పెట్టినవాడు, పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలని పెరిగినవాడు. నలుగురిలో నోరెత్తే ఆడదాన్ని ఊరు ఏమంటుందో చిన్నప్పటి నుంచీ విని ఉంటాడు. తండ్రి అలాగే మాట్లాడి ఉంటే ఎవరూ ఏమీ అనుండరు. ఆ మాటలు తల్లి మీద మళ్లీ పడకుండా ఆయనకు తెలిసిన అడ్డు ఇది. ఆయనతో గొడవ పడకండి, ఆయనకు పని చివర్లో చెప్తాను.

మీ జోకుల చిట్టాలో మొదటిది శాస్త్రులుగారిది. సెల్‌ఫోన్ ఉందంటే ఆవిడకి అప్పటికే అరవై దాటి ఉంటాయి. పీటల మీద కూర్చున్నది తాతయ్యా, పెదనాన్నా? ఆ మాటకి ఉలిక్కిపడ్డదెవరు? శాస్త్రులుగారు ఫోన్ పెట్టేశాడా, మళ్లీ ఏడాది వచ్చాడా? ఆ ఇంట్లో కొత్తకోడలిగా ఉన్న రోజుల్లో ఆవిడ పురోహితుడి ఎదుట నోరెత్తగలిగేదా? ఎత్తడానికి ఎన్నేళ్లు పట్టింది, మొట్టమొదట ఎవరి మీద ఎత్తింది? నాకు వీటన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది మరొకటి. మావగారి తద్దినం సరిగ్గా జరగాలన్న పట్టింపు ఆవిడకి ఉంది. పట్టింపు లేని మనిషి ఫోన్ మాట్లాడితే మాట్లాడుకోనీ అని ఊరుకునేది. అది మావగారి మీద గౌరవమా, దక్షిణ పుచ్చుకున్న పని పూర్తిగా చేయాలన్న లెక్కా? భారతాన్నీ రష్యా నవలల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివిన మనిషికి దేవుడి మీద ఏమాత్రం నమ్మకం ఉండేదో ఇంట్లో ఎవరైనా అడిగారా?

పెళ్లిచూపుల మాటా అంతే. ఆ సంబంధం కుదిరిందా, తప్పిపోయిందా? తప్పిపోతే ఆ రాత్రి ఇంట్లో ఆవిడని ఎవరేమన్నారు? మీ అక్క సంతోషించిందా, ఏడ్చిందా? అదే ప్రశ్న నాయనమ్మను చూడటానికి వచ్చినవాళ్లు కూడా అడిగే ఉంటారు. అప్పుడు ఆవిడ తల వంచుకుని ఏం చెప్పిందో తెలిసినవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, ఆ జవాబు పక్కన ఈ జవాబు పెట్టి చూడండి. ఇక మీరు వ్యాఖ్యానం రాయక్కర్లేదు.

1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా ఖాదీ ప్రదర్శన పెట్టారు. గుమ్మం దగ్గర వలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి పోనివ్వలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొనిచ్చాకే వదిలింది. తర్వాత రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ ఆ పిల్లే. వందేళ్లు దాటినా ఆ సంగతి ఇంకా చెప్పుకుంటున్నామంటే, అందులో గుమ్మం ఉంది, టిక్కెట్టు ఉంది, అవతల ఆగిపోయిన పెద్దమనిషి ఉన్నాడు. "చిన్ననాటి నుంచే నిర్భయురాలు" అని రాసి ఊరుకుని ఉంటే ఎవరికి గుర్తుండేది?

ఇప్పుడు మీ అమ్మగారు. పుస్తకం కోసమే అడుగుతున్నానని చెప్పే అడగండి, కానీ అత్తా పెదనాన్నా ఉన్నప్పుడు వద్దు. ఫోన్‌లో రికార్డర్ పెట్టి ఎదురుగా కూర్చోబెడితే మన తల్లులు రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడతారు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడో, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాకో పక్కన చేరండి. పులుసు మాట అన్నది పెళ్లయిన ఎన్నాళ్లకి? విస్తళ్ల ముందు ఎవరెవరున్నారు? నాన్న ఏం చేశాడు? ఆయన కూడా నవ్వి ఉంటే, అమ్మకి గుచ్చుకున్నది అత్తగారి మాటో మొగుడి నవ్వో మీకు తెలియాలి. ఆ పూట నాయనమ్మ పులుసు పక్కకి నెట్టేసిందా, రెండోసారి వేయించుకుందా? మర్నాటి నుంచి పులుసు ఎవరు కాచారు?

తాతయ్య పోయి అప్పటికి ఎన్నాళ్లయిందో కూడా అడగండి. పదేళ్లయితే ఒక సంగతి, మూడు నెలలయితే పూర్తిగా వేరే సంగతి. ఏడవడం చేతకాని మనుషులు కొందరుంటారు. పోయిన మనిషి పేరెత్తడానికి వాళ్లకు ఏదో ఒక వంక కావాలి. ఆ పూటకి దొరికిన వంక మీ అమ్మ చేతి పులుసు కావచ్చు. అలా అయినంత మాత్రాన అమ్మకు తగిలిన దెబ్బ ఏమీ తగ్గదు, కానీ మీరు రాసే పేజీ మారిపోతుంది.

ఆవిడ మెచ్చుకోవడం ఎలా ఉండేదని కూడా ఆరా తీయండి. వెటకారం అలవాటైనవాళ్లు ఎదురుగా మెచ్చుకోరు, మూడో మనిషి దగ్గర మెచ్చుకుంటారు. మీ అమ్మ గురించి వియ్యపురాలితోనో, పక్కింటావిడతోనో నాయనమ్మ ఏమందో కనుక్కోండి. అమ్మకు ఆ మాటలు ఇప్పటిదాకా చేరి ఉండకపోవచ్చు.

అన్నేళ్లు ఆ నోటి పక్కన కాపురం చేసిన మనిషికి మాట రాకుండా ఉంటుందా? అమ్మ తిరిగి అన్న మాటలూ ఉండే ఉంటాయి, గట్టిగా కాకపోతే గిన్నెలు సర్దుకుంటూ అయినా. అత్తగారి మాటకి నవ్వే జనం ఉన్నారు, కోడలి మాటకి లేరు. అందుకే అవి మీ ఇంట్లో కథలుగా తిరగలేదు. రాబట్టగలిగితే మీ పుస్తకంలో అన్నిటికన్నా మంచి పేజీలు అవే అవుతాయని నా నమ్మకం. అమ్మ చెప్పనంటే మాత్రం రెండోసారి అడగకండి. పులుసు మాట అచ్చు వేయొద్దంటే, ఎంత బాగున్నా తీసేయండి. ఇందులో పెదనాన్నకీ అత్తకీ ఓటు లేదు, మీకూ లేదు. మాట పడ్డ మనిషిదే ఓటు.

మిగతా మాటలకీ ఇదే లెక్క. ప్రతిదాని పక్కనా అది ఎవరి మీద అన్నదో రాసుకుని, బతికున్నవాళ్లకి ఫోన్ చేయండి. "రాయవే, దాని తర్వాత ఇంకో మాట కూడా అంది" అనేవాళ్లే ఎక్కువ దొరుకుతారు. ఒకే మాటని ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ వేయండి, తీర్పు చెప్పకండి. చుట్టాలు రారన్న మీ అత్త భయం నాకు లేదు. తమ మీద అన్న మాట పడిందో లేదో చూసుకోవడానికైనా వస్తారు, పడలేదని అలిగేవాళ్లూ ఉంటారు. కానీ ఆవిడ చెప్పినదాంట్లో ఒప్పుకోవాల్సింది కొంత ఉంది. ఇలాంటి పెద్దవాళ్ల మాటల్లో ఊరందరి గుట్టూ ఉంటుంది. ఫలానావాళ్ల అల్లుడు ఎందుకు వదిలేసి పోయాడు, ఎవరి ఎకరం ఎలా చేతులు మారింది, ఇలాంటివి. అరుగు మీద ఆవిడ అనుకుని ఉండవచ్చు. మీరు అచ్చులో పెట్టడానికి వీల్లేదు.

ఆ తరంలో చాలామందిలాగే కులం గురించో, ఒంటి రంగు గురించో అనకూడనివి కూడా అనే ఉంటుంది. వాటిని చమత్కారం కింద వేయకండి. అసలు లేనట్టు దాచడమూ నాకు నచ్చదు. ఈ విషయంలో మా నాయనమ్మ తన కాలాన్ని దాటలేదు, మేం వాదించేవాళ్లం అని ఒక్క వాక్యం రాయండి. అదీ మీరు నిజంగా వాదించి ఉంటేనే.

ఇక ఆవిడ చదువు. మీ ఉత్తరంలో దీనికి ఒక్క వాక్యం దక్కింది. పుస్తకంలో పావు వంతైనా దక్కాలి. 1948 ప్రాంతంలో అయిదో తరగతి అయిపోయిన పల్లెటూరి ఆడపిల్లకి, హైస్కూలు పక్క ఊళ్లో ఉంటే చదువు అక్కడితో సరి. అయితే మీ ప్రాంతానికి పుస్తకాల అదృష్టం ఉంది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగిన దగ్గర నుంచీ కృష్ణా, గుంటూరు జిల్లాల ఊళ్లల్లో లైబ్రరీలు లేచాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నాటిది. పెదపాలెం మనిషి పాతూరి నాగభూషణంగారు 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్లకు చేర్చారు. మీ నాయనమ్మ పుట్టడానికి మూడేళ్ల ముందు మాట అది. 1948లో మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చాక, ఇంటిపన్నుతో పాటు సెస్సు వసూలు చేసి శాఖా గ్రంథాలయాలు నడిపారు.

అంటే ఊళ్లోకి పుస్తకం వచ్చింది. మరి కోడలి చేతిలోకి ఎలా వచ్చింది? లైబ్రరీ అరుగు మీద పేపరు చదివేది మగవాళ్లు. తలుపు దాటి వెళ్లి తనకు కావాల్సిన నవల తనే ఎంచుకునే రోజులు కావవి. తాతయ్య తెచ్చిచ్చాడా? మరిది దొంగచాటుగా తెచ్చాడా? బడికి పోయే కొడుకు సంచీలో పెట్టుకొచ్చాడా? ఆ కొడుకు మీ పెదనాన్నే అయితే, మీకు పుస్తకంలో మంచి పాత్ర ఒకటి ఊరికే దొరికినట్టు. రష్యన్ అనువాదాలు కమ్యూనిస్టుల ప్రచురణ సంస్థ విశాలాంధ్రవాళ్లు చవగ్గా అమ్మేవారు, వ్యానులో ఊళ్లకూ తెచ్చేవారు. అవి మీ ఇంట్లో ఉన్నాయంటే ఇంట్లో పార్టీ మనిషి ఎవరో ఉండాలి, లేదా వ్యాను దగ్గరికి స్వయంగా నడిచి వెళ్లి కొనుక్కున్నది ఆవిడే అయుండాలి. ఏదైనా రాయదగ్గదే.

ఎప్పుడు చదివేది? పాడీ పిల్లలూ అయ్యాక ఏ గంటకి కూర్చునేది? చదువుతుంటే ఆవిడ అత్తగారు ఏమనేది? అక్షరం రాని ఆడవాళ్లు మధ్యాహ్నాలు చేరి ఆవిడ చేత సీరియల్ చదివించుకునేవారా? అలా విన్నవాళ్లు ఒకరిద్దరు ఊళ్లో ఇంకా ఉండొచ్చు. వాళ్ల దగ్గరికి మాత్రం ఆలస్యం చేయకుండా వెళ్లండి.

అటక ఎక్కండి. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి దాచి, కథ పూర్తయ్యాక బైండు చేయించుకోవడం ఆ తరం ఆడవాళ్లలో ఎంతోమందికి అలవాటు. ఆ బైండుల్లో కథ వెనక పేజీల్లో సగం వంటకం, సగం ప్రకటన, తెగిపోయిన ఉత్తరం ఉంటాయి. అంచుల్లో పెన్సిల్ రాతలున్నాయేమో చూడండి. మనుషుల్ని వదలని మీ నాయనమ్మ కథానాయకుణ్ణి వదిలి ఉంటుందా? పేజీల మధ్య పాల లెక్కో, చాకలి పద్దో, ఎవరిదో కార్డుముక్కో దొరికితే, ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో రాసి పెట్టుకోండి.

పత్రికలకి ఆవిడ ఎప్పుడైనా రాసిందా? ఆంధ్రప్రభ వారపత్రికలో 1952 నుంచి దశాబ్దాల తరబడి మాలతీ చందూర్‌గారు నడిపిన ప్రమదావనం శీర్షికకి పల్లెల నుంచి కూడా ఆడవాళ్లు రాసేవారు. ఇంట్లో చెప్పకుండా రాసినవాళ్లూ ఉన్నారు. అలాంటి అనుమానం ఏమాత్రం తగిలినా పాత సంచికలు తిరగేయండి. హైదరాబాదులోనే ఉన్నారు కాబట్టి ముందు బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి, ఊరెళ్లినప్పుడు వేటపాలెం.

మీ ఉత్తరంలో చివరి రోజుల ఊసే లేదు. చూపు మందగించి చదవలేకపోయిందా? అప్పుడెవరు చదివి వినిపించారు? చెవుడు వచ్చి, నలుగురి మాటల్లో సందు చూసి తన మాట వేయలేకపోయిందా? ఆవిడకి అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అంత నోరున్న మనిషి మౌనంగా ఉన్న రోజులు ఉంటే వాటినీ రాయండి.

మాటల్ని ఆవిడ యాసలోనే ఉంచండి. ఆవిడ "శాస్తుర్లు" అంటే మీరు శాస్త్రులు అని దిద్దకండి. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందంవాళ్లు "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ కథ తమ మాటల్లో చెప్పుకున్నారు. పోరాటం అయిపోయాక మళ్లీ వంటింటికి పొమ్మన్నారన్న నిష్ఠూరం కూడా అందులో ఉంది. నాయకులు నొచ్చుకుంటారని ఆ నిష్ఠూరాన్ని తీసేసి ఉంటే ఆ పుస్తకాన్ని ఇవాళ వెతుక్కుని చదివేవాళ్లు ఉండరు.

చుట్టాల ఫోన్లలో ఆవిడ వాయిస్ మెసేజీలు ఉంటే ఇప్పుడే తెప్పించి ఒకచోట దాచండి, ఫోన్ మారిస్తే పోతాయి. మీ అక్క పెళ్లి వీడియోలో సన్నాయి వెనక ఆవిడ గొంతు ఎక్కడైనా ఉందేమో వినండి. పుట్టిన ఊరు, మెట్టిన ఇల్లు, సంతానం ఒక పేజీలో ముగించండి. ముప్పై రెండు పేజీల పుస్తకం చాలు. డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలు వేయించుకుంటే, కావాల్సినప్పుడు మళ్లీ వేసుకోవచ్చు. సంవత్సరీకానికి అందకపోతే కొంపలేమీ మునగవు. విష్ణు సహస్రనామం విడిగా వేయించి పంచమనండి. ఆవిడ పారాయణ చేసేదైతే, పక్కవాళ్లు తప్పు చదివినప్పుడు ఏమనేదో మీ పుస్తకంలో రాయండి.

పెదనాన్నగారికి మొదటి పేజీ ఇచ్చేయండి. ఆయన పేరుతో, ఆయన ఇష్టం వచ్చినట్టు రాసుకోనివ్వండి. సహనశీలి అని రాస్తే రాయనివ్వండి, కొడుకుగా అది ఆయన హక్కు. ఒక్క షరతు పెట్టండి. అమ్మ తనని అన్న మాట ఒకటి చివర్లో ఉండాలి, తిట్టయినా సరే. ఆయన రాసిచ్చాక అచ్చుతప్పులు తప్ప ఇంకేమీ ముట్టుకోకండి.